ఫీల్డ్ వర్క్ రికార్డూ, మన కథావస్తువూ

"ప్రజల దగ్గరికి వెళ్ళాలి" అనే మాట మన సభల్లో ఎన్నిసార్లు వినపడిందో లెక్క లేదు. తీర్మానాల్లోనూ అది వుంటుంది, సంపాదకీయాల్లోనూ వుంటుంది. వెళ్ళిన తర్వాత ఏ గుమ్మం ముందు నిలబడాలి, ఏం అడగాలి, ఏం అడగకూడదు, విన్నదాన్ని ఎలా రాయాలి, రాసినదానికి ఎవరికి జవాబు చెప్పుకోవాలి - ఈ ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి మన తీర్మానాలు ఆగిపోతాయి. నిబద్ధత వుంటే అవన్నీ వాటంతటవే వస్తాయని సరిపెట్టుకుంటాం.

ఈ ప్రశ్నలనే పాఠ్యాంశంగా పెట్టుకున్న చదువు ఒకటి వుంది. డిగ్రీ స్థాయిలో సోషల్ వర్క్ చదివే విద్యార్థులు సాధారణంగా వారానికి రెండు రోజులు తరగతి గది వదిలి ఒక బస్తీకో, ఆసుపత్రికో, బాలల వసతిగృహానికో వెళ్ళి పనిచెయ్యాలి. దాన్ని ఫీల్డ్ వర్క్ అంటారు. అది ఎలా జరుగుతుందో, దాని బలమేమిటో, లోపమేమిటో సాహిత్య విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేను ఆ చదువు చదివినవాణ్ణి. తర్వాత కొన్నేళ్ళు విద్యార్థుల ఫీల్డ్ వర్క్‌ను పర్యవేక్షించినవాణ్ణి. కథలు కూడా రాస్తాను. ఈ రెండు పనులకూ మధ్య వున్న సంబంధం నాకు ఒక తప్పు వల్ల తెలిసివచ్చింది. ఆ తప్పు సంగతి దాచకుండా చెబుతాను.

ముందుగా ఒక మాట. సోషల్ వర్క్ అనగానే మనకు 'సంఘసేవ' గుర్తుకొస్తుంది. సంఘసేవ అంటే కలిగినవాడు లేనివాడికి తీరిక వేళల్లో చేసే ఉపకారమని లోకం అర్థం. ఈ చదువు దాన్ని వృత్తి అంటుంది. వృత్తి అన్నాక శిక్షణ వుండాలి, నియమాలు వుండాలి, తప్పు చేస్తే అడిగేవాళ్ళు వుండాలి. ఈ రెండు అర్థాల మధ్య ఘర్షణ ఫీల్డ్ వర్క్‌లో అడుగడుగునా కనిపిస్తుంది.

ఆ ఘర్షణకు పెద్ద చరిత్రే వుంది. 1869లో లండన్‌లో ఏర్పడిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ పేదల ఇళ్ళకు సందర్శకులను పంపేది. ధర్మం అర్హులకు చేరుతోందా, సోమరులకు చేరుతోందా అని విచారించడం వాళ్ళ పని. పేదరికానికి మూలం చాలావరకు పేదవాడి నడవడికలోనే వుందని ఆ సంస్థ నమ్మకం. 1884లో అదే లండన్ తూర్పు పేటల్లో వెలసిన టాయన్‌బీ హాల్, 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ కలిసి పెట్టిన హల్ హౌస్ మరో దారి తొక్కాయి. చదువుకున్నవాళ్ళు ఆ పేటలోనే కాపురముండి, ఇరుగుపొరుగుగా మెలిగి, అక్కడి బతుకును తెలుసుకోవాలన్నది ఆ దారి. 1895లో హల్ హౌస్ వాసులు తమ పేటలో ఏ ఇంటివాళ్ళు ఏ దేశం నుంచి వచ్చారో, ఏ కుటుంబానికి వారానికి ఎంత కూలి ముడుతోందో పటాలు గీసి పుస్తకంగా అచ్చువేశారు. మొదటి దారిలో విచారణకు గురయ్యేది మనిషి. రెండో దారిలో విచారణకు గురయ్యేవి కూలి రేటు, ఇంటి పరిస్థితి, పనిగంటలు. నేటి ఫీల్డ్ వర్క్ విద్యార్థిలో ఈ ఇద్దరి వారసత్వమూ వుంది. గుమ్మం తొక్కినప్పుడు ఏ వారసత్వం ముందుకొస్తుందన్నదే అసలు పరీక్ష.

మన దేశానికి ఈ చదువు బొంబాయి మీదుగా వచ్చింది. 1926లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ నాగ్‌పాడా కార్మిక పేటలో నైబర్‌హుడ్ హౌస్ స్థాపించాడు. ఆ అనుభవం పునాదిగా, ఆయనే సంచాలకుడుగా, 1936లో సర్ దొరాబ్జీ టాటా పేరిట దేశంలో మొదటి సోషల్ వర్క్ పాఠశాల మొదలైంది. 1944లో అది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. 1936 మన పాఠకులకు వేరే కారణం వల్ల గుర్తుండే సంవత్సరం. ఆ ఏప్రిల్‌లోనే లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగింది. ఒకే ఏడాది ఒక చోట రచయితలకూ, మరొక చోట విద్యార్థులకూ జనజీవితం వైపు చూడమని పిలుపు అందిందన్నమాట. రెండో చోట ఆ పిలుపుకు ఒక దినచర్య, ఒక నోటుపుస్తకం, తప్పులు దిద్దే ఒక గురువు ఏర్పడ్డారు. మనకు ఆ మూడూ ఏర్పడలేదు.

ఇక ఆ దినచర్య సంగతి. మొదట్లో విద్యార్థులను గుంపులుగా రకరకాల సంస్థలకు తీసుకువెళ్ళి చూపిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ, లేదా ఇద్దరిద్దరినీ ఒక సంస్థకు కేటాయిస్తారు. అక్కడ పనిచేసే ఒక ఉద్యోగి రోజువారీ పని అప్పగిస్తాడు. కళాశాలలో ఒక అధ్యాపకుడో, అధ్యాపకురాలో ఆ పనిని చదువుగా మారుస్తారు. ఒక మనిషితో, ఒక కుటుంబంతో చేసే పనిని కేస్ వర్క్ అంటారు. పదిమందిని కూడగట్టి చేసేది గ్రూప్ వర్క్. బస్తీ మొత్తాన్ని ఒక సమస్య మీద కదిలించేది కమ్యూనిటీ ఆర్గనైజేషన్. వీటితో పాటు ఏడాదికో గ్రామీణ శిబిరం వుంటుంది. చదువు చివర కొన్ని వారాలు పూర్తికాలం ఏదైనా సంస్థలో వుండి పనిచేసే ఏర్పాటు కూడా చాలాచోట్ల వుంది. అమెరికాలో డిగ్రీ విద్యార్థి కనీసం 400 గంటలు ఇలా పనిచెయ్యాలని నియమం. ఈ చదువుకు ప్రత్యేక ముద్ర అనదగిన బోధనా పద్ధతి ఫీల్డ్ వర్కేనని అక్కడి సోషల్ వర్క్ విద్యామండలి 2008లో ప్రకటించింది.

దీనంతటికీ కీలకం రికార్డు. ఫీల్డ్ నుంచి వచ్చిన రాత్రే విద్యార్థి ఆ రోజు జరిగింది రాయాలి. ఎన్ని గంటలకు వెళ్ళాడు, ఏం చెయ్యాలనుకున్నాడు, ఎవరితో ఏం మాట్లాడాడు, వాళ్ళేమన్నారు, అప్పుడు తనకేమనిపించింది, దాన్నిబట్టి ఏం తేల్చుకున్నాడు, రేపేం చేస్తాడు. ఇందులో మూడు పొరలున్నాయి. విన్నది ఒకటి. అనిపించింది ఒకటి. తేల్చుకున్నది ఒకటి. ఈ మూడింటినీ కలగలిపి రాస్తే అధ్యాపకులు ఒప్పుకోరు. వారానికొకసారి విద్యార్థిని ఎదురుగా కూచోబెట్టుకుని ఆ రికార్డు మీద మాట్లాడతారు. మన కథల్లో, విమర్శల్లో కూడా ఈ మూడు పొరలూ వుంటాయి. విడదీసి చూపమని మనల్ని అడిగేవాళ్ళు లేరు, అంతే తేడా.

నా సంగతికి వస్తాను. 2003లో నేను రెండో సంవత్సరం విద్యార్థిగా హైదరాబాదులో ఒక బస్తీలో ఫీల్డ్ వర్క్ చేస్తున్నాను. క్షయ మందులు మధ్యలో మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, మళ్ళీ మందులు మొదలుపెట్టేలా చూడడం నాకిచ్చిన పని. ఒక అడ్డాకూలీ రెండో నెలలో మానేశాడు. నేను వెళ్ళినప్పుడు అతను ఇంట్లో లేడు. భార్యతో పావుగంట మాట్లాడాను. జబ్బు గురించి నాకు తెలిసినదంతా చెప్పాను. రాత్రి రికార్డులో ఇలా రాశాను: "నిరక్షరాస్యత వల్ల, అవగాహన లోపం వల్ల మందులు మానేశాడు. ఆరోగ్య విద్య అవసరం."

మా మేడమ్ 'అవగాహన లోపం' అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. "ఇది ఆమె అన్నదా, నువ్వు అనుకున్నదా?" అంది.

"ఆమె అనలేదు మేడమ్, నాకనిపించింది."

"మరి ఆమె ఏమంది?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పావుగంటలో మాట్లాడింది చాలావరకు నేనే. మళ్ళీ వెళ్ళమంది. ఈసారి వెళ్ళి "ఎందుకు మానేశాడక్కా?" అని అడిగి వూరుకున్నాను. ఆమె కాసేపు నా మొహం వంక చూసి అంది:

"పొద్దుగాల ఏడింటికల్లా అడ్డా మీద నిలబడకుంటే ఆ దినం పని పోయినట్టే సారూ. దవాఖానల గోలీలు తొమ్మిదింటికి ఇస్తరు. వారానికి మూడుసార్లు రమ్మంటరు. మూడు దినాల కూలి పోతే మేమేం తినాలె?"

ఆ రోజుల్లో ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమంలో మందులు వారానికి మూడు రోజులు ఇచ్చేవాళ్ళు. మొదటి రెండు మూడు నెలలు ప్రతి మోతాదూ సిబ్బంది ఎదుటే మింగాలి. రోజూ వేసుకునే మందుల పద్ధతి దేశమంతటా 2017లో వచ్చింది. రోగి మందులు మానేస్తాడేమోనన్న భయంతో పెట్టిన ఏర్పాటు అది. ఆ భయంలో న్యాయముంది. కానీ కేంద్రం తెరిచే వేళా, అడ్డా మీద మేస్త్రీ కూలీలను ఏరుకునే వేళా ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అతనికి అవగాహన లేకపోవడం కాదు, రెండు గడియారాల లెక్క నాకంటే బాగా తెలిసే మందులు మానేశాడు. ఆ బస్తీలో మానేసినవాళ్ళ పేర్లన్నీ తీసి చూస్తే సగానికి పైగా అడ్డాకూలీలే. నా రికార్డు 'రోగి నడవడిక' నుంచి 'కేంద్రం వేళలు'కు మారింది. కొన్ని వారాలు తిరిగిన తర్వాత, అడ్డాకు దారిలో ఒక అంగన్‌వాడీ కార్యకర్త దగ్గర తెల్లవారుజామునే మందులు మింగించే ఏర్పాటు జరిగింది. అది అతని జబ్బుకు సరిపోయింది. అతని కూలికి, అడ్డాకు, మేస్త్రీకి సంబంధించి మేమేం చెయ్యలేదు, చెయ్యగలిగిన స్థితిలోనూ లేము. కేస్ వర్క్ హద్దు అక్కడ నాకు కనిపించింది.

ఇక్కడ రావిశాస్త్రి గుర్తుకొస్తాడు. ఆయన న్యాయవాది. ఆయన దగ్గరికి వచ్చినవి కూడా కేసులే. కానీ 'ఆరు సారా కథలు' చదివినవాళ్ళకు సారా అమ్మినవాడి నడవడిక మీద తీర్పు దొరకదు. ప్రొహిబిషన్ చట్టం, దాన్ని పట్టుకు బతికే పోలీసులు, కోర్టు వాతావరణం, ఆ యంత్రంలో ఇరుక్కున్న పేదలు కనిపిస్తారు. కేసును తయారుచేసే యంత్రాన్ని చూడగలగడమే ఆ కథల బలం. 'అవగాహన లోపం' చుట్టూ చుట్టిన ఎర్ర సున్నా అడిగింది కూడా అదే.

ఇంతవరకూ నా పాఠం సవ్యంగానే సాగింది. తప్పు తర్వాత జరిగింది. ఆ కుటుంబం మీద నేనొక కథ రాశాను. పేర్లు మార్చాను. కానీ మందులపొట్లాలను బియ్యం డబ్బా వెనక దాచడం, భర్త కాలి మీది మచ్చ, ఇంటి ముందు విరిగిన రాతి అరుగు - ఇవన్నీ వాస్తవికత కోసమని వున్నవి వున్నట్టే పెట్టాను. ఒక పత్రిక అచ్చువేసింది. ఆ గర్వంతో ఒక ప్రతిని నేనే తీసుకువెళ్ళి ఆ బస్తీ యువజన సంఘం గదిలో పెట్టాను. వారంలోపల ఆ కథ ఎవరిదో అందరికీ తెలిసిపోయింది. క్షయ అన్న మాట అప్పటిదాకా ఆ ఇల్లు దాటలేదు. ఇంటి యజమాని నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు.

నేను వెళ్ళేసరికి ఆమె సామాను సర్దుతోంది. తిట్టలేదు. "నిన్ను మా ఇంట్ల మనిషి లెక్క అనుకుంటిమి సారూ" అని మాత్రం అంది. వాళ్ళు ఏ బస్తీకి మారారో నాకు చెప్పలేదు. చెప్పమని అడిగే హక్కు నాకు మిగల్లేదు. ఆ అంగన్‌వాడీ దగ్గర అతని మందుల వరస అక్కడితో తెగిపోయింది. మరో చోట మొదలుపెట్టాడో లేదో ఈనాటికీ తెలియదు.

ఈ వృత్తిలో గోప్యత మొదటి నియమం. నేనది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మరి ఎందుకు పాటించలేదు? రికార్డు రాసేటప్పుడు నేను విద్యార్థిని, కథ రాసేటప్పుడు రచయితని అనుకున్నాను. రచయితకు ఆ నియమం వర్తించదనుకున్నాను. పీడితుల పక్షాన రాస్తున్నాను గనక నా చేతుల మీదుగా పీడితులకు హాని జరగదనే ధీమా ఒకటి నాలో వుంది. ఆ ధీమా నా ఒక్కడిదే కాదని మన పత్రికలు చదివితే తెలుస్తుంది. ఆ మనిషి తన బతుకును నాతో చెప్పింది మందుల కోసం. కథ కోసం చెప్పలేదు. ఒక పని కోసం అప్పగించినదాన్ని అడగకుండా మరో పనికి వాడుకున్నాను. ఇతరుల శ్రమను అలా వాడుకునేవాణ్ణి మన కథల్లో మనం ఏ పేరుతో పిలుస్తామో నేను చెప్పనవసరం లేదు.

ఈ చదువులో లోపాలు లేవనుకుంటే పొరపాటు. ముఖ్యమైనవి మూడు చెబుతాను.

మొదటిది, ఈ శిక్షణను రూపొందించినవాళ్ళ మనసులోని విద్యార్థి కాస్త కలిగిన ఇంటివాడు. అతను తనకు తెలియని పేదరికాన్ని చూడడానికి బస్తీలోకి 'దిగుతాడు'. ఇవాళ మన డిగ్రీ కళాశాలల్లో ఈ చదువుకు వస్తున్నవాళ్ళలో చాలామంది అలాంటివాళ్ళు కారు. నా దగ్గర చదివిన ఒక దళిత విద్యార్థిని మొదటి గృహ సందర్శన రికార్డులో నాలుగే వాక్యాలు రాసింది. ఎందుకింత తక్కువ అని అడిగితే "సార్, ఆ ఇల్లు మా ఇంటిలాగానే వుంది. అందులో రాయడానికేముందో నాకు తోచలేదు" అంది. నేను దిమ్మెరపోయాను. పాఠ్యపుస్తకం ఆమెను సందర్శకురాలిగా వూహించింది, ఆమె ఆ ఇంటి మనిషి. ఆ తర్వాత ఆమె రాసిన రికార్డులు నా రికార్డుల కంటే ఎంతో లోతైనవి. ఎవరు అబద్ధం చెబుతున్నారో, ఎందుకు చెప్పవలసి వచ్చిందో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

రెండోది, శ్రమ విలువ. వారానికి రెండు రోజులు విద్యార్థి చేసే పనికి సాధారణంగా జీతం లేదు. పైగా బస్సు చార్జీలు తనవే, మధ్యాహ్నం తిండి తనదే. సెలవు రోజుల్లో పనికిపోయి ఫీజు కట్టుకునే విద్యార్థికి అవి కూలి పోయిన రోజులు. అడ్డాకూలీకి జరిగిన అన్యాయాన్ని రికార్డులో రాసే విద్యార్థి తన విషయంలో అదే లెక్క జరుగుతోందని రాయడానికి రికార్డులో గడి లేదు. సిబ్బంది చాలని సంస్థలు ఈ ఉచిత శ్రమ మీద ఆనుకుని, విద్యార్థుల చేత రిజిస్టర్లు నింపించడం నేను చూశాను. ఇది మన దేశానికే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలో విద్యార్థులు దీని మీద గట్టిగా ఆందోళన చేశారు. 2025 జులై నుంచి అక్కడి ప్రభుత్వం సోషల్ వర్క్, నర్సింగ్, మంత్రసాని విద్య, ఉపాధ్యాయ విద్య చదివేవాళ్ళలో అర్హులైనవారికి, తప్పనిసరి క్షేత్ర శిక్షణ జరిగే వారాలకు భత్యం ఇవ్వడం మొదలుపెట్టింది. అడిగితేనే వచ్చిందన్నది గమనించాలి.

మూడోది, బస్తీవైపు నుంచి చూడాలి. ప్రతి ఏడాదీ కొత్త విద్యార్థి వస్తాడు. అవే ప్రశ్నలు అడుగుతాడు. పరీక్షలు రాగానే మాయమవుతాడు. అందుకే ఈ చదువులో 'ముగింపు' అని ఒక పాఠం వుంది. వెళ్ళిపోయే తేదీ మొదటి నెలలోనే చెప్పాలి, మొదలుపెట్టిన పనిని ఎవరికి అప్పగిస్తున్నాడో ఆ కుటుంబానికి తెలియాలి. పుస్తకంలో వున్న ఈ పాఠం ఆచరణలో చాలా తక్కువ. ఇప్పుడు దీనికి ఫొటోల బెడద తోడైంది. తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపడానికి కళాశాలలు చోటూ తేదీ నమోదయ్యే ఫొటోలు అడుగుతున్నాయి. మంచం మీది రోగి పక్కన నిలబడి విద్యార్థి ఫొటో దిగుతున్నాడు. ఆ రోగిని అడిగారా అంటే జవాబు వుండదు. నేను పత్రికలో అచ్చు వేయించి చేసిన పనిని ఈ పిల్లలు ఫోనుతో చేస్తున్నారు. చేయిస్తున్నది కళాశాల.

ఇన్ని లోపాలున్నా, ఈ శిక్షణ నుంచి రచయితలు తీసుకోవలసినది వుందనే నా అభిప్రాయం. రచయిత సోషల్ వర్కర్ కానక్కరలేదు. గోప్యత పేరుతో కథలు రాయడం మానెయ్యమనీ నేననను. మౌనం వల్ల మేలు పొందేది యజమానులే. నేను కోరేది ఇంత. విన్నదీ, అనిపించిందీ, తేల్చుకున్నదీ వేరువేరని రాసేవాడికైనా తెలియాలి. 'అజ్ఞానం', 'మూఢత్వం', 'చైతన్య రాహిత్యం' వంటి మాటలు కలం చివరికి వచ్చినప్పుడు, ఇది వాళ్ళన్నదా, నేననుకున్నదా అని ఆగి చూసుకోవాలి. బతికున్న మనిషి బతుకు కథలోకి వస్తున్నప్పుడు, ఆ మనిషి గుర్తుపట్టబడితే పోయేదేమిటో ముందే లెక్కవేసుకోవాలి. వీలైతే చదివి వినిపించాలి. మన గోష్ఠుల్లో శిల్పం గురించి గంటలకొద్దీ చర్చిస్తాం. ఈ వస్తువు నీకెలా దొరికింది, ఇచ్చినవాళ్ళకు తెలుసా అని ఒక్క ప్రశ్న చేర్చుకుంటే చర్చకు నష్టం లేదు.

ఆ కథను నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. కథలో శిల్ప లోపమేమీ లేదని మిత్రులు అంటుంటారు. వాళ్ళన్నది నిజమే కావచ్చు. ఎర్ర సున్నా వున్న ఆ రికార్డు కాగితం మాత్రం నా దగ్గర వుంది. కొత్త విద్యార్థులు వచ్చినప్పుడల్లా, అతని పేరూ ఇంటి నంబరూ కప్పేసి, మొదటి రోజు అదే చూపించేవాణ్ణి.